కయాక్‌లో మొదటి రాత్రి

మనకు దోనె తెలియును, తెప్ప తెలియును, తోలు కప్పిన పుట్టి తెలియును. కయాక్ అనెడి పడవ పేరు మాత్రము మన యిండ్లలో ఇటీవలనే వినవచ్చుచున్నది. ఉత్తర ధ్రువమునకు చేరువగా గ్రీన్‌లాండు, అలాస్కా తీరములందు నివసించు ఇన్యూట్ మొదలగు జాతులవారు, సముద్రము కొట్టుకొనివచ్చిన కొయ్యలతోను, ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీల్ చర్మమును బిగించి, తమ తమ శరీరముల కొలతలకు సరిపోవునట్లు దీనిని నిర్మించుకొనెడివారు. చట్రముపై తోలు కప్పుటలో మన పుట్టికిని దీనికిని దూరపు చుట్టరికము ఉన్నదనవచ్చును. అది వేటపడవ. నేడు ప్లాస్టిక్కుతోను, గాజునారతోను చేసిన అదే ఆకారపు పడవలలో గృహస్థులు సెలవు దినములు గడుపుచున్నారు.

స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోమున మన తెలుగువారు అనేకులు ఉద్యోగములు చేయుచున్నారు. ఆ నగరమునకు తూర్పున బాల్టిక్ సముద్రములో దాదాపు 30,000 ద్వీపములు, రాతి తిప్పలు అక్షతలు చల్లినట్లు పడియున్నవి. వేసవి రాగానే అక్కడి కుమారుడో, అల్లుడో టెలిఫోనులో, “ఈ శనివారము కయాక్‌లో పోయి ఒక దీవిలో పండుకొని వచ్చెదము” అని చెప్పును. ఇక్కడ తల్లికి గుండె గుభేలుమనును. ఆమె భయము అకారణమైనది కాదు. అయితే ఆమె భయపడునది లోతునకు, భయపడవలసినది చల్లదనమునకు.

ఈ మాట అనుభవముమీద చెప్పుచున్నాను. నేను వసిష్ఠ గోదావరి ఒడ్డున పుట్టి, పదునైదవ ఏటికే పాయను ఈది దాటినవాడను. మే మాసపు ఒక ఉదయమున స్టాక్‌హోము చెంత, నడుములోతు నీటిలో పడవ తలక్రిందు చేసి బయటపడు అభ్యాసము చేయబోతిని. ఎండ హాయిగా ఉన్నది. నీరు మాత్రము తొమ్మిది డిగ్రీలు. తల మునుగగానే నా ప్రయత్నము లేకయే నోరు తెరచుకొని గాలికై ఎగబీల్చెను. పాదములకు నేల తగులుచున్నను ఊపిరి నా వశములో లేదు. గోదావరిలో నేర్చిన ఈత ఆ నిమిషమున నాకు ఎందునకును కొరగాలేదు.

చల్లని నీటిని గురించి పరిశోధించినవారు ఒక లెక్క చెప్పుదురు. మొదటి ఒక నిమిషములో ఊపిరిని అదుపులోనికి తెచ్చుకొనవలెను. తరువాత సుమారు పది నిమిషములు మాత్రమే చేతులు, వ్రేళ్ళు చెప్పినట్లు వినును. స్పృహ తప్పుటకు ఒక గంట పట్టవచ్చును. చలికి గడ్డకట్టి చచ్చుటకంటె ముందే, ఊపిరి తప్పి నీరు మ్రింగుటచేత మునుగువారే ఎక్కువ. కావుననే లైఫ్ జాకెట్టు పడవలో ఉండిన చాలదు, ఒంటిపై బిగించియుండవలెను. ఎండనుబట్టి కాక నీటినిబట్టి బట్టలు ధరింపవలెను. మొదటి యాత్రకు జూలై, ఆగస్టు మాసములు మంచివి. అప్పుడు పైనీరు పదునెనిమిది, ఇరువది డిగ్రీలవరకు వెచ్చబడును.

ప్రయాణమునకు ముందు కనీసము ఒక దినము ఈ అభ్యాసమునకు కేటాయింపవలెను. కూర్చుండు తొట్టిలో నీరు పడకుండ నడుమునకు కట్టుకొను గుడ్డకు ముందువైపున ఒక పట్టుతాడు ఉండును. తలక్రిందైనప్పుడు ముందునకు వంగి, ఆ తాడు లాగి, తొడలను వదలించుకొని బయటకు రావలెను. పడవను, తెడ్డును చేయి విడువరాదు. తోటివాడు బోర్లపడిన పడవ ముక్కును తన పడవపైకి ఎత్తి నీరు ఒంపి, తిరుగవేసి గట్టిగా పట్టుకొనును. నీటిలోనివాడు వెనుకవైపునుండి బోరగిల ప్రాకి ఎక్కును. వినుటకు సులువే. మూడు పర్యాయములు చేసి చూచినవానికే అది వచ్చును. తోడు లేకుండ మొదటి యాత్రకు పోవుట నా దృష్టిలో మూర్ఖత్వము.

ఇక దారి. తెడ్డు కొత్తగా పట్టినవారు గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోగలరు. వాక్స్‌హోల్మ్ పట్టణమునుండి గ్రిండా దీవికి పటముమీద గీత గీచిన సుమారు 12 కిలోమీటర్లు. నడుమ దీవులను చుట్టుకొనవలెను గనుక మరికొంత ఎక్కువగును. మొదటి దినమునకు అది చాలును. ఈ జలమార్గములలో పెద్ద ఓడలు తిరుగును. వాటి దారిని అడ్డముగా, అందరును ఒక్క గుంపుగా, త్వరగా దాటవలెను. ఓడవాడు మనలను చూచెనని ఎన్నడును తలపరాదు. గాలి సెకనుకు నాలుగైదు మీటర్లున్న పోవచ్చును. ఏడు దాటునని వాతావరణ వార్త చెప్పినచో కొత్తవారు ఒడ్డుననే ఉండవలెను. ఎండ బాగుగా కాయు దినములలో మధ్యాహ్నమునకు సముద్రపుగాలి లేచి సాయంకాలమునకు అణగును గనుక ఉదయమే బయలుదేరుట మేలు. ఆదివారము గాలి లేచినచో, “సోమవారము ఆఫీసున్నది గదా” అను తొందర ప్రాణములమీదికి తెచ్చును. గ్రిండాకు ప్రజల లాంచీ ఉన్నది. పడవలను పైకి లాగి కట్టి, మనుష్యులు లాంచీలో తిరిగి రావచ్చును.

సామాను సర్దుట ఇంటిలో నేలమీదనే ఒకసారి చేసి చూడవలెను. పడవ కడుపు పెద్దదేకాని దాని నోరు చిన్నది. ఒక పెద్ద మూటకంటె, నీరు చొరని పది చిన్న సంచులు నయము. బరువైన వస్తువులు ఆసనమునకు దగ్గరగా, అడుగున, ఎడమకుడులు సమముగా ఉండవలెను. నిద్రసంచి, బట్టలు కొనలయందు దూర్చవలెను. పడవను ఖాళీగా నీటివద్దకు మోసి, అక్కడ నింపవలెను. టెలిఫోను మాత్రము నీరు చొరని తిత్తిలో ఒంటిపైననే ఉండవలెను. పడవ చేజారిన అది కూడ పోయినచో 112 సంఖ్యకు ఎట్లు పిలుతురు? ఎన్ని పడవలు, ఏ రంగువి, ఎక్కడికి, ఎప్పుడు తిరిగి వచ్చెదరు అని ఒక కాగితముపై వ్రాసి ఒడ్డుననున్న స్నేహితునికి ఇచ్చిపోవలెను.

చుట్టును నీరే యైనను త్రాగుటకు నీరు ఉండదు. మహాసముద్రములో వేయింటికి 35 పాళ్ళు ఉప్పుండగా అక్కడ ఐదారు పాళ్ళు మాత్రమే ఉండును. నాలుకకు అంతగా తెలియదు గనుకనే మోసము. ఎండ ముదిరినప్పుడు నీటిపై తేలు ఒకవిధమైన పాచి విషము కాచినను పోదు. మనిషికి ఐదారు లీటర్లు మోసికొనిపోవలెను. ఆహారమునకు మనవారు వెదకుకొన నక్కరలేదు. అటుకులు, వేయించిన ఉప్మారవ్వ, పెసరపప్పు బియ్యము కలిపిన పులగపు పొట్లము, కొంచెము ఆవకాయ. మొదటి పూటకు ఇంటినుండి తెచ్చిన పులిహోర. దీనికి మించిన యాత్రాభోజనము ఏ దుకాణమునను నాకు దొరకలేదు.

పరుల నేలపై గుడారము వేయుటకు అనుమతి ఎవరిదని అడుగవచ్చును. స్వీడన్‌లో సర్వజన హక్కు అనునది ఒకటి కలదు. తరతరముల ఆచారముగా వచ్చి, 1994లో రాజ్యాంగములో చోటు పొందినది. ఇండ్లకు దూరముగా, ఎవరికిని బాధ కలిగింపక, దేనిని పాడుచేయక ఒకటి రెండు రాత్రులు ఎవరైనను గుడారము వేసికొనవచ్చును. రక్షిత ప్రదేశములకు వేరు నియమములుండును. గ్రిండా వంటి చోట గుడారములకు స్థలము ప్రత్యేకించియున్నది. పక్షులు గ్రుడ్లుపెట్టు కొన్ని దీవులకు ఆ కాలమున దరి చేరుటయే నిషిద్ధము. వట్టి రాతిపై నిప్పు చేయరాదు. రాయి పగులును, ఆ మచ్చ ఎన్నటికిని పోదు. స్పిరిట్ పొయ్యి చాలును. రాతిలో మేకు దిగదు గనుక తనంతట నిలుచు గుడారము తీసికొనవలెను. గడ్డిలో పిడుదులుండును, వాటివలన ఒకవిధమైన మెదడువాపు వచ్చును గనుక వేసవికి ముందే టీకా వేయించుకొనుట మంచిది.

బాల్టిక్‌లో ఆటుపోట్లు లేనట్లే. ఆ ధైర్యముతో నేను ఒక నిశ్చలమైన సాయంకాలమున పడవ ముక్కును మాత్రము రాతిపైకి లాగి వంటకు కూర్చుంటిని. దూరమున ఒక పెద్ద ఓడ పోయెను. కొన్ని నిమిషములకు ఒడ్డుననున్న నీరు వెనుకకు జారి, మరల ఒక్కసారిగా ఎగసివచ్చెను. తలయెత్తి చూచునప్పటికి నా పడవ ఇరువది గజముల దూరమున తేలుచుండెను. స్నేహితుడు తన పడవలో పోయి తెచ్చెను గాని, అతడు లేనిచో ఆ దీవిలో నా గతి యేమి? ఆనాటినుండి పడవను పూర్తిగా గట్టెక్కించి, చెట్టునకు తాడుతో కట్టినగాని పొయ్యి వెలిగించుట లేదు.

జూన్ మాసపు రాత్రి అక్కడ పదిగంటల వేళ సూర్యుడు అస్తమించును. పూర్తిగా చీకటి పడదు. కొత్తవారికి నిద్ర పట్టుటకు కండ్లపై చేతిగుడ్డ కట్టుకొనవలసివచ్చును. తెల్లవారి మూడున్నరకే మరల ఎండ. ఆ వేళ నీరు అద్దమువలె ఉండును గనుక, కాఫీ త్రాగి బయలుదేరుటకు అంతకంటె మంచి సమయము లేదు. ఇంటికి రాగానే ముందు అమ్మకు టెలిఫోను చేయవలెను. తరువాత గుడారమును విప్పి ఆరవేయవలెను. తడితో చుట్టిపెట్టినచో వారమునకే బూజు పట్టును.