ఎదురుగాలి, గాలివాటం

5వ లెవెల్ మాంక్ ఒక్క వంతులో 8 గళ్లు దాటేస్తాడు. గడికి 5 అడుగుల లెక్కన 40 అడుగులు. పక్కనే కవచం తొడుక్కున్న మనిషి ఫైటర్ 6 గళ్ల దగ్గర ఆగిపోతాడు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో గాలికి దగ్గరి చుట్టం ఎవరని అడిగితే నేను మాంక్‌నే చూపిస్తాను. అందుకే మా బల్ల దగ్గర ఆడే కుర్రాడొకడు “అన్నా, రెండు చేతులా కత్తులు పట్టే గాలి మాంక్ కావాలి” అన్నప్పుడు మాంక్ పాత్రకి ఆ ఉపరకం, అంటే సబ్‌క్లాస్, రాయడానికి వెంటనే ఒప్పుకున్నాను. చిక్కు ఎక్కడుందో రాయడం మొదలుపెట్టాక తెలిసింది.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను 1974లో తెచ్చారు. మరుసటి ఏడాదే ‘బ్లాక్‌మూర్’ అనే అనుబంధ పుస్తకంలో మాంక్ అడుగుపెట్టాడు. ఒట్టి చేతుల పోరే అతని ప్రత్యేకత. ఆ పుట్టుక గుణం ఇప్పటికీ పోలేదు.

2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్ తీసుకోండి. 5వ లెవెల్, డెక్స్‌టెరిటీ 18, అంటే ప్రతి దెబ్బకీ 4 కలుస్తుంది. కుడి కత్తితో రెండు దెబ్బలు వేశాక చేతిలో మిగిలేది ఒక్క అదనపు చర్య, అంటే బోనస్ యాక్షన్. దాంతో పిడికిలి విసిరితే 6 ముఖాల పాచికకి 4 కలిపి సగటున 7.5. అదే ఎడమ చేతి కత్తి విసిరితే ఆ 4 కలవదు, 3.5తో సరి. మాంక్ అంతశ్శక్తిని లెక్కగట్టే ‘కి’ పాయింటు ఒకటి ఖర్చు పెడితే రెండు పిడికిళ్లు, రెండూ తగిలితే సగటున 15. పట్టుకున్న రెండో కత్తి కన్నా ఖాళీ పిడికిలే పదును! 2024 పుస్తకంలో ‘నిక్’ అనే వెసులుబాటు వచ్చింది. దాంతో ఎడమ కత్తికి బోనస్ యాక్షన్ అక్కర్లేదు. కానీ మాంక్‌కి అది సొంతంగా దక్కదు.

గాలి సంగతీ అంతే. 2014 పుస్తకంలో పంచభూతాల్లో నాలుగింటిని నేర్పే మార్గం ఒకటుంది. 3వ లెవెల్లో అక్కడ ఒక్కసారి ఈదురుగాలి లేపితే ఉన్న 3 ‘కి’ పాయింట్లలో 2 పోతాయి. గాలిని డబ్బిచ్చి కొనుక్కున్నట్టుంటుంది. వాయుపుత్రుడి కథ వింటూ పెరిగినవాళ్లం మనం. గాలి అనగానే మనకు కడలి దాటడం, కొండ మోసుకురావడం గుర్తొస్తాయి. నా దృష్టిలో గాలి మాంక్ గొప్పతనం దెబ్బలో ఉండకూడదు, కదలికలో ఉండాలి.

అందుకని ఒక షరతు పెట్టాను. కొట్టే ముందు ఆ వంతులో 20 అడుగులు కదిలి ఉండాలి. అప్పుడే బోనస్ యాక్షన్‌లో పిడికిలికి బదులు ఎడమ కత్తి వాడొచ్చు, 4 కూడా కలుస్తుంది. దెబ్బ పిడికిలితో సమానమే, ఒక్క చుక్క ఎక్కువ కాదు. కుడి కత్తి పేరు గాలివాటం. అది తగిలితే శత్రువుకి ఎదురుదెబ్బ అవకాశం ఇవ్వకుండా ఒక గడి పక్కకి జారొచ్చు. ఎడమది ఎదురుగాలి. అది తగిలిన శత్రువు బలపరీక్షలో ఓడితే 10 అడుగులు వెనక్కి పోతాడు. రెండింటికీ ‘కి’ ఖర్చు లేదు. 6వ లెవెల్లో తెమ్మెర: మాంక్ పక్కనుంచి వెళ్తే స్నేహితుడు కూడా రెండు గళ్లు జరగొచ్చు. 11లో ఎగరడం ఇచ్చాను, కానీ వంతు ముగిసేలోగా నేలమీదికి దిగాలి. 17 ఇంకా రాయలేదు. మా ఆట అక్కడికి చేరాలి కదా.

మొదటి పరీక్ష తాళ్ల వంతెన మీద. ఓగర్ అనే రాకాసి మాంక్‌ని ఒడిసిపట్టింది. వేగం సున్నా, గాలి లేదు, ఎడమ కత్తి పనికిరాలేదు. “అన్నా, ఈ షరతు తీసెయ్” అన్నాడు కుర్రాడు. “వద్దు తమ్ముడూ, ఆగిన గాలి గాలి కాదు” అన్నాను. ఆ వంతు ఎడమ కత్తి బదులు పిడికిలితోనే నెట్టుకొచ్చాడు.

తరవాత ఫైటర్ ఓగర్‌ని ఒక గడి వెనక్కి నెట్టడంతో పట్టు వదిలింది. కుర్రాడు బొమ్మను రెండు గళ్లు వెనక్కి జరిపి, మూడు గళ్లు ముందుకు దూకించాడు. 25 అడుగులు. కుడి కత్తి రెండుసార్లూ తప్పింది. ఎడమది తగిలింది. ఓగర్ బలపరీక్షలో 14 తెచ్చుకోవాలి. నేను పాచిక వేస్తే 7 పడింది, దాని బలం 4 కలిపితే 11.

నేను చెయ్యి చాచేలోపే అతను ఓగర్ బొమ్మను రెండు వేళ్లతో వంతెన మీంచి ఎత్తి, మ్యాప్ అవతల బల్ల అంచున పెట్టాడు.