గరిటెడు పప్పు లెక్క

మా ఊరు నల్లగొండ జిల్లాలో. చిన్నప్పుడు ఇంట్లో ఒక బర్రె ఉండేది. ఒక చలికాలం దాని దూడ చచ్చిపోతే, దూడ తోలులో గడ్డి కూరి బర్రె ముందు నిలబెట్టారు. అది ఆ తోలును నాకుతూ నాకుతూ చేపుకొచ్చింది. ఆ పూట నేను పాలు తాగలేదు. చాలా ఏళ్ల తర్వాత, గ్రూప్స్ చదువుకని హైదరాబాద్‌లో అశోక్‌నగర్ హాస్టల్‌కు వచ్చినప్పుడు, పాలు, పెరుగు, నెయ్యి పూర్తిగా మానేశాను. మాంసం, గుడ్డు అంతకు ముందే లేవు. ఇప్పుడు దీన్ని వీగన్ తిండి అంటున్నారు.

ఫోన్ చేసినప్పుడల్లా అమ్మది ఒకటే ప్రశ్న. "పాలు లేకపాయె, పెరుగు లేకపాయె. బలమెట్లొస్తది బిడ్డా?"

నాకు జవాబు తెలియదు. ఏడాది తిరిగేసరికి దువ్వెన నిండా జుట్టు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో మధ్యాహ్నం మూడు దాటితే పుస్తకం మీద చూపు నిలిచేది కాదు. పెరుగు మానినందుకే ఇలా అయిందని అనుకున్నాను. రక్తపరీక్షలో విటమిన్ బి12 తక్కువని తేలింది. డాక్టరమ్మ మాత్ర రాసిచ్చి, "రోజూ ఏం తింటున్నావో, ఎంత తింటున్నావో రాసి తీసుకురా" అంది. ఆ "ఎంత" అన్న మాట పట్టుకుని హాస్టల్ వంటింట్లోకి వెళ్లాను.

"అక్కా, పప్పు ఎంత పోస్తరు?"

"నలభై మందికి కిలో. పొద్దుటి పూటకే. రాత్రికి కూర, చారు."

అంటే మనిషికి 25 గ్రాముల కందిపప్పు. మిగతాదంతా నీళ్లు, చింతపండు, పోపు. అమ్మ అడిగిన బలం లెక్క తేలాలంటే ఇందులో ప్రోటీన్ ఎంతో తెలియాలి.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన దేశంలో దొరికే తిండి పదార్థాల్లో ఏముందో పరీక్షించి పట్టికలు వేసేది వాళ్లే. వాటి ప్రకారం వంద గ్రాముల బియ్యంలో ప్రోటీన్ సుమారు 8 గ్రాములు. కందిపప్పులో 22, పెసరపప్పులో, పల్లీల్లో 24 దాకా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని ఆ సంస్థ చెప్తుంది. నా బరువు 55 కిలోలు కాబట్టి నాకు 46 గ్రాములు. తిండి అంతా అన్నం మీదే నడిచేవాళ్లకైతే కిలోకు ఒక గ్రాము లెక్కన చూసుకోమంటుంది.

నేను రోజుకు దాదాపు 300 గ్రాముల బియ్యం తింటున్నాను. దానిలో 24 గ్రాములు, పప్పులో ఐదున్నర. కూర, చారు కలిపినా 46కు చాలా దూరం. మరి నేను వదిలేసిన పెరుగులో ఎంతుంది? చిన్న కప్పులో మూడు నాలుగు గ్రాములు. నా పళ్లెంలో అసలు కొరత పెరుగుది కాదు, పప్పుది. నా పక్కన కూర్చుని పెరుగన్నం తినే పిల్లలదీ దాదాపు అదే పరిస్థితి.

గ్రాములు సరిపోతే చాలా? అక్కడే "సంపూర్ణ ప్రోటీన్" అన్న మాట వస్తుంది. మన ఒళ్లు ప్రోటీన్‌ను ఇరవై అమైనో ఆమ్లాలతో కట్టుకుంటుంది. వాటిలో తొమ్మిదింటిని అది తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఆ తొమ్మిదీ చాలినంత ఉన్నదే సంపూర్ణ ప్రోటీన్. అన్నంలోనూ తొమ్మిదీ ఉంటాయి, కానీ లైసిన్ తక్కువ. పప్పుల్లో లైసిన్ దండిగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. బంతిలో ఇరవై విస్తళ్లు వేసి, పప్పు పన్నెండు మందికే వండితే, అన్నం ఎంత మిగిలినా నిండుగా తినేది పన్నెండు మందే. లైసిన్ తక్కువైన అన్నంతో ఒంట్లో జరిగేది ఇదే. పప్పు కలిస్తే బంతి నిండుతుంది. నువ్వుల్లో మెథియోనిన్ బాగా ఉంటుంది కాబట్టి కందిపొడిలో చారెడు నువ్వులు కలుపుకోవడం మంచిది. సోయాలో తొమ్మిదీ చాలినంత ఉంటాయి. దానితో చేసే మీల్‌మేకర్‌ను పొడిగా తూస్తే సగం ప్రోటీనే.

ఇవన్నీ ఒకే ముద్దలో కలవాలని కొందరు భయపెడతారు. ఆ మాటకు ప్రచారం తెచ్చిన పుస్తకం అమెరికాలో 1971లో వచ్చింది. రాసిన ఫ్రాన్సెస్ మూర్ లాపే పదేళ్లకు, 1981 ముద్రణలో, తన మాట తానే సరిదిద్దుకుంది. పొద్దున పెసరట్టు, రాత్రి అన్నం తిన్నా ఒళ్లు కలుపుకుంటుంది. రోజు మొత్తంలో అన్నీ అందితే చాలు.

నేను మార్చింది కొలత. చిక్కడపల్లిలో కిరాణా కొట్టు నుంచి పప్పులు తెచ్చి తూచాను. మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు పప్పు అని పెట్టుకున్నాను. 300 గ్రాముల బియ్యంలో 24, వంద గ్రాముల పప్పుల్లో 22, కలిపితే సరిగ్గా 46. పిడికెడు పల్లీలు తింటే ఇంకో ఏడు. వంద గ్రాములూ ఒకేసారి తినలేం. హాస్టల్ పప్పు పోను మిగతాది గుడాలుగా తింటాను. రాత్రి శనగలో, బొబ్బర్లో, పెసర్లో నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, మెత్తగా ఉడికించి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండుకుంటాను. నానితే కడుపుబ్బరం తగ్గుతుంది. స్టీలు డబ్బాలో లైబ్రరీకి తీసుకెళ్తే ఇద్దరు ముగ్గురం తింటాం. ఉలవచారు తాగితే బలమంటారు గానీ, పిండిన ఉలవలు పశువుల కుడితిలోకే పోతాయి. ప్రోటీన్‌లో ఎక్కువ భాగం ఆ గింజల్లోనే ఉండిపోతుంది. అందుకే ఉలవలనూ గుడాలే చేస్తాను.

ఒక్క విషయంలో మాత్రం పప్పు అక్కరకు రాదు. బి12 ఏ పప్పులోనూ, ఏ ఆకుకూరలోనూ నమ్ముకునేంత ఉండదు. పాలు కూడా మానినవాళ్లు మాత్ర వేసుకోవలసిందే. మానేసిన మొదటి ఏడాది నేను వేసుకోలేదు. తెలియక పోగొట్టుకున్న ఆ నెలల గురించి ఇప్పటికీ బాధపడతాను, అందుకే గదికి కొత్తగా వచ్చిన ప్రతి చెల్లికీ ముందు ఇదే చెప్తాను. గర్భిణులు, చిన్నపిల్లలు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా నా లెక్క పట్టుకోవద్దు.

పోయిన దసరాకు ఊరికి వెళ్లినప్పుడు ఈ లెక్కంతా అమ్మకు చెప్పాను. గ్రాములు ఆమెకు పట్టలేదు. పొయ్యి మీద సర్వపిండి కాలుతోంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు. నేను అప్పటిదాకా లైబ్రరీలో వెతికిందంతా ఆ గిన్నెలోనే ఉంది. బయలుదేరేటప్పుడు నాలుగు సర్వపిండ్లు కాగితంలో చుట్టి సంచిలో పెట్టింది.

"నెయ్యి తగలనియ్యలే, మంచినూనెతోనే కాల్చిన. పల్లీలు ఇంకో పిడికెడు ఎక్కువేసిన బిడ్డా."