బండిని రెండు అంగుళాలు ఎత్తితే ఏమేం మారతాయి?

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో, నగరం దాటిన కాసేపటికే సిల్తారా వస్తుంది. స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు బారులు తీరిన పారిశ్రామిక వాడ అది. ఖనిజం, బొగ్గు, ఉక్కు మోసే లారీలు రాత్రీ పగలూ తిరిగే చోట పక్క దారులు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. వానాకాలంలో గుంత లోతెంతో చక్రం దిగాకే తెలుస్తుంది. ఇలాంటి చోట థారో జిమ్నీయో నడిపేవాళ్లకు బండి ఇంకో రెండు అంగుళాలు ఎత్తుగా ఉంటే బాగుండుననిపించడం సహజమే. ఆ కోరిక తీర్చడానికి బజారులో దొరికేదే లిఫ్ట్ కిట్. ఒక పెట్టెలో నాలుగు స్ప్రింగులు, నాలుగు షాక్ అబ్సార్బర్లు, కొన్ని బ్రాకెట్లు, బోల్టులు ఉంటాయి. మరీ చవక రకంలోనైతే స్ప్రింగు మీద పెట్టే దిమ్మలు మాత్రమే ఉంటాయి.

ఎత్తడం కష్టమేమీ కాదు. ఆ రెండు అంగుళాలు బండిలో ఇంకెన్ని చోట్ల లెక్క తప్పిస్తాయన్నదే చూడాలి.

ముందుగా, ఏది పైకి లేస్తుంది? సస్పెన్షన్‌కు పైన ఉన్నదంతా, అంటే ఛాసిస్, ఇంజిన్, బాడీ. చక్రాలను కలిపే యాక్సిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జిమ్నీకి ముందూ వెనకా, ఇప్పటి థార్‌కు వెనక ఒకే కడ్డీలాంటి గట్టి యాక్సిల్ ఉంటుంది. దాని మధ్య ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ ఎన్ని అంగుళాల కిట్ వేసినా ఒక్క మిల్లీమీటరు కూడా పైకి రాదు. పెద్ద టైరు వేస్తేనే అది లేస్తుంది, అదీ టైరు వ్యాసం పెరిగినదాంట్లో సగమే. వ్యాసం 5 శాతం పెరిగితే స్పీడోమీటరు 80 చూపించేటప్పుడు బండి 84లో పోతుంటుంది. కాబట్టి రాయి తగిలేది డిఫరెన్షియల్‌కైతే లిఫ్ట్ కిట్ దానికి మందు కాదు. ముందు బంపరో బండి నడుమో గట్టుకు తగులుతుంటే మాత్రం పనికొస్తుంది.

ఇప్పుడు స్ప్రింగు సంగతి. సాగే దూరం బలానికి అనుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. లెక్క తేలికగా ఉండడానికి ఒక చక్రం మీద 4,000 న్యూటన్ల బరువు (సుమారు 400 కిలోలు), స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 30 న్యూటన్లు అనుకుందాం. బండి నిలబడి ఉన్నప్పుడే స్ప్రింగు 133 మి.మీ. నొక్కుకుపోతుంది. అదే పొడవున్న, మిల్లీమీటరుకు 48 న్యూటన్ల స్ప్రింగు పెడితే 83 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది. తేడా 50 మి.మీ., అంటే మనకు కావలసిన రెండు అంగుళాలు.

ఆ 60 శాతం అదనపు గట్టిదనం తేవడానికి తీగను ఎంత లావు చేయాలి? స్ప్రింగు గట్టిదనం తీగ వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. మిగతా కొలతలన్నీ అలాగే ఉంచి 12 మి.మీ. తీగను 13.5 మి.మీ. చేస్తే చాలు. కంటికి రెండు స్ప్రింగులూ ఒకేలా కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే సిల్తారా మిల్లుల్లో తయారయ్యే ఇంటి కడ్డీకీ, స్ప్రింగు ఉక్కుకూ సహజ గట్టిదనంలో దాదాపు తేడా లేదు. తేడా అంతా ఎంత వంగినా మళ్లీ మునుపటి ఆకారానికి రాగల హద్దులోనే ఉంది. సిలికాన్, క్రోమియం లాంటివి కలిపి, కాచి, చల్లార్చి ఆ హద్దును పెంచుతారు. ఆ పని సరిగా చేయని చవక స్ప్రింగు ఏడాదిలోనే కుంగిపోయి, డబ్బు పోసి కొన్న ఎత్తును వెనక్కి ఇచ్చేస్తుంది.

గట్టి స్ప్రింగుతో బండి ఊగే వేగం కూడా మారుతుంది. మన లెక్కలో సెకనుకు 1.36 ఊపులు 1.73 అవుతాయి. లోపల కూర్చున్న నడుముకు ఆ తేడా తెలుస్తుంది.

ఆ ఊపులను ఆపేది షాక్ అబ్సార్బర్. పేరు ఎలా ఉన్నా, కుదుపును మోసేది స్ప్రింగే. షాక్ చేసే పని ఊగుతున్న శక్తిని వేడిగా మార్చడం. గొట్టంలో నూనె, నూనెలో చిల్లులున్న పిస్టన్. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ సన్నని దారుల్లోంచి బలవంతంగా దూరాలి. గతుకుల దారిలో గంటసేపు నడిపాక షాక్‌ను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వేడికి నూనె పలచబడి, నురగ కట్టి పట్టు కోల్పోతుంది. ఒత్తిడితో నైట్రోజన్ నింపి ఆ నురగను అణిచే పద్ధతికి ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ బూర్సియే ద కార్బోన్ బాటవేశాడు. నేటి ఆఫ్‌రోడ్ షాక్‌లలో చాలావాటికి మూలం అదే.

స్ప్రింగు మార్చి పాత షాక్‌లనే ఉంచితే ఏమవుతుంది? మెకానిక్‌లతో వాదన వచ్చేది ఇక్కడే. ఊగకుండా, వీలైనంత త్వరగా నిలకడకు రావడానికి ఎంత నిరోధం కావాలో దాన్ని సంధి డాంపింగ్ అంటారు. కార్లలో సాధారణంగా దాంట్లో 20 నుంచి 40 శాతం దాకా పెడతారు. ఈ సంధి విలువ స్ప్రింగు గట్టిదనపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. స్ప్రింగు 1.6 రెట్లయితే అది 1.26 రెట్లు. షాక్ మాత్రం పాతదే కాబట్టి 30 శాతం ఉన్నది 24 శాతానికి పడిపోతుంది. బండి 100 మి.మీ. ఊగితే, ఒక పూర్తి ఊపు తర్వాత మునుపు 14 మి.మీ. మిగిలేది, ఇప్పుడు 21 మి.మీ. మిగులుతుంది. వరసగా గుంతలున్న దారిలో ఒక ఊపు ఆగేలోపే ఇంకోటి మొదలవుతుంది.

పొడవు సమస్య ఇంకా పెద్దది. షాక్ మొత్తం 200 మి.మీ. కదలగలదనీ, బండి నిలబడి ఉన్నప్పుడు సరిగ్గా మధ్యలో ఉందనీ అనుకుందాం. అంటే చక్రం గుంతలోకి 100 మి.మీ. దిగగలదు. దిమ్మలు పెట్టో కొత్త స్ప్రింగు వేసో బండిని 50 మి.మీ. ఎత్తి, షాక్ మార్చకపోతే అది ముందే 50 మి.మీ. సాగి ఉంటుంది. ఇక చక్రానికి మిగిలింది 50 మి.మీ. మాత్రమే. అది దాటగానే షాక్ తన చివరి హద్దుకు ఠంగున కొట్టుకుని, చక్రం నేలను వదిలేస్తుంది. గుంతల కోసం ఎత్తిన బండి గుంతలోనే మునుపటికంటే అధ్వాన్నంగా నడుస్తుంది. అందుకే దిమ్మలు మాత్రమే అమ్మే కిట్‌ను నేను కిట్‌గా లెక్కపెట్టను.

బిగింపు విషయానికొస్తే, గట్టి యాక్సిల్ బండికి పని సూటిగానే ఉంటుంది. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు తీసి, యాక్సిల్‌ను జాకీ మీద నిలిపి, షాక్ కింది బోల్టు విప్పి, బ్రేకు గొట్టం లాగుడు పడకుండా యాక్సిల్‌ను దించితే స్ప్రింగు వదులై వస్తుంది. షాక్ చుట్టూ స్ప్రింగు ఉండే థార్ ముందు భాగం వేరు. అక్కడ స్ప్రింగును నొక్కిపట్టి విప్పాలి. మన 30 న్యూటన్ల స్ప్రింగును 150 మి.మీ. నొక్కితే అందులో దాదాపు 340 జౌళ్ల శక్తి ఉంటుంది. పది కిలోల బరువు మూడు మీటర్లకు పైనుంచి పడ్డంత. బిగించే పరికరం జారితే ఏమవుతుందో ఊహించవచ్చు. ఇది ఇంటి ముంగిట చేసే పని కాదు. ఇంకో మాట: రబ్బరు బుష్‌ల బోల్టులు బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

ఇక కనిపించని మార్పులు. యాక్సిల్‌ను పక్కకు కదలకుండా పట్టే అడ్డ కడ్డీ ఒక చివర ఛాసిస్‌కు బిగించి ఉంటుంది కాబట్టి, బండి లేస్తే అది వృత్తఖండంలో తిరిగి యాక్సిల్‌ను కొద్దిగా పక్కకు లాగుతుంది. కడ్డీ 900 మి.మీ. పొడవుండి ముందే 10 డిగ్రీలు వాలి ఉంటే, 50 మి.మీ. ఎత్తుకు సుమారు ఒక సెంటీమీటరు. ముందు గట్టి యాక్సిల్ ఉంటే స్టీరింగ్ తనంతట తాను నిటారుకు తిరిగొచ్చే గుణం తగ్గుతుంది. ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కు అందించే షాఫ్టు ఇంకా వాలుతుంది. దాని యూనివర్సల్ జాయింటుకు ఇంకో పేరు హుక్ జాయింట్, అదే హుక్. వాలు 5 డిగ్రీలున్నప్పుడు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం 0.4 శాతం హెచ్చుతగ్గులవుతుంది. 12 డిగ్రీలైతే 2.2 శాతం. అప్పుడే కింది నుంచి వణుకు మొదలవుతుంది.

ముందువైపు మాత్రమే 50 మి.మీ. లేపే అలవాటు కొందరికుంది. థార్ ముందు వెనక చక్రాల మధ్య దూరం 2,450 మి.మీ. కాబట్టి బండి 1.2 డిగ్రీలు పైకి చూస్తుంది. నూటికి ఒక వంతు కిందికి వాలి ఉన్న హెడ్‌లైటు వెలుగు నూటికి ఒక వంతు పైకి లేస్తుంది. రాత్రి బిలాస్‌పూర్ రోడ్డులో ఎదురొచ్చే లారీ డ్రైవరు కళ్లలోకి అది సూటిగా పోతుంది.

అన్నిటికంటే పెద్ద పందెం ఒరగడం మీద. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్, కొంటా, భద్రాచలం మీదుగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం దాకా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద కేశ్‌కాల్ ఘాట్ మలుపులు ఉన్నాయి. అలాంటి మలుపులో బండి నిలకడను తేల్చేది రెండు కొలతలు: చక్రాల మధ్య వెడల్పులో సగం, గురుత్వకేంద్రం ఎత్తు. థార్ వెడల్పులో సగం 760 మి.మీ. గురుత్వకేంద్రం 700 మి.మీ. ఎత్తున ఉందనుకుంటే, బండి పక్కకు 47 డిగ్రీలు వాలేదాకా బోర్లా పడదు. కిట్ వేశాక 45.5 డిగ్రీలు. బాడీ స్ప్రింగుల మీద ఒరుగుతుంది కాబట్టి నిజంలో రెండూ ఇంతకంటే తక్కువే. తేడా చిన్నదే కదా అనిపిస్తుంది. అయితే ఎత్తిన బండి పైకప్పు మీద క్యారియర్ బిగించి వంద కిలోల సామాను ఎక్కించడమే వాడుక. 1,800 కిలోల బండి మీద 1.9 మీటర్ల ఎత్తున వంద కిలోలు పెడితే గురుత్వకేంద్రం ఇంకో 60 మి.మీ. లేచి, హద్దు 43 డిగ్రీలకు వస్తుంది. కిట్ చేసిన నష్టం కంటే సామాను చేసిన నష్టమే ఎక్కువ.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కిట్ కొనకముందే రవాణా కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. బిగించాక వీల్ అలైన్‌మెంట్ చేయించి, స్టీరింగ్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పి, చక్రాన్ని పూర్తిగా కిందికి వదిలి బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు లాగుడు పడటం లేదని చూసి, హెడ్‌లైట్లను గోడ మీద సరిచూసుకోవాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక స్ప్రింగులు సర్దుకుంటాయి, అప్పుడు ప్రతి బోల్టునూ మళ్లీ బిగించాలి.