చిట్టా యెవరిది?

బల్మూరు, అచ్చంపేట ప్రాంతములనుండి హైదరాబాదునకు పోయి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు యువకులు నేడు కలరు. వారు సెలవులకు వచ్చినపుడు "లాగింగు" అను మాట వాడుచుందురు. తలిదండ్రులకు మాట క్రొత్త గాని వస్తువు క్రొత్తది కాదు. అంగడివాఁడు దినదినము వ్రాసికొను చిట్టాయే యది. ప్రోగ్రాము తాను చేసిన పనిని, తనకు కలిగిన తప్పిదమును గంట నిమిషములతో వ్రాసిపెట్టును. నడిరేయి పని నిలిచిపోయినచో ఉదయమున వచ్చినవానికి ఆ చిట్టాయే సాక్షి.

ఇందొక చిక్కు గలదు. కొన్ని ప్రోగ్రాములు తామై నడచును. కొన్ని యితరుల ప్రోగ్రాములలో చేరి పనిచేయును. ఈ రెండవవానిని లైబ్రరీలందురు, పుస్తకశాలలని భ్రమింపరాదు. అట్టిదానిని ఓపెన్ సోర్సుగా, అనఁగా మూలము నెల్లరు చదివి వాడుకొనునట్లు విడిచినచో, అది యెవరి యింట చేరునో కర్త యెఱుఁగఁడు. దానికి ఏ చిట్టాపరికరము నెన్నుకొనవలెను?

పెండ్లికి వచ్చిన వంటవాఁడు బియ్యమెంత, నెయ్యి యెంత అయినదో చెప్పవలసినదే. కాని తన చిట్టాను తెచ్చి "ఇందే వ్రాయుదును" అనరాదు. ముగ్గురు వంటవారు మూఁడు చిట్టాలు తెచ్చిన యింటియజమాని గతి యేమి? జావా భాషలో నిట్లే జరిగెను. లాగ్‌ఫర్‌జే యుండఁగనే 2002లో జావా 1.4తో మఱియొక పరికరము భాషలోనే వచ్చెను. ఒక్కొక్క లైబ్రరీ యొక్కొకదానిని పట్టుకొనెను. లాగ్‌ఫర్‌జే నారంభించిన చెకి గుల్చుయే పిమ్మట ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫర్‌జే యను నొక సన్నని ద్వారమును నిర్మించెను. లైబ్రరీ ఆ ద్వారమున మాట చెప్పును. దానిని ఏ చిట్టాకెక్కింపవలెనో, అసలెక్కింపవలెనో లేదో యజమాని నిర్ణయించును. పైథాను భాషకు 2003లో, 2.3వ కూర్పుతో, ఇట్టి పరికరము వచ్చినది. లైబ్రరీకర్త యేమియు వ్రాయని "నల్ హ్యాండ్లరు"ను మాత్రమే తగిలించి తక్కినది యజమానికి విడువవలెనని ఆ భాషాపత్రములే చెప్పుచున్నవి.

ఇది మర్యాదకు సంబంధించినది మాత్రమే యని మేమును కొంతకాలము తలంచితిమి. 2021 డిసెంబరు మా తలంపును మార్చినది. లాగ్‌ఫర్‌జే రెండవ తరములో "లాగ్‌ఫర్‌షెల్" అను లోపము బయలుపడెను. చిట్టాకెక్కుటకై వచ్చిన మాటలో నొక ప్రత్యేకమైన వ్రాఁత యున్నచో, పరికరము దానిని వ్రాసి యూరకుండక ఆజ్ఞగా గైకొని, పరాయి యంత్రమునుండి ప్రోగ్రామును తెచ్చి నడపుట కవకాశ మిచ్చెను. పిల్లవాఁడు తన పేరు చెప్పుటకు మాఱుగా "తాళపుచెవు లిమ్ము" అనఁగా, హాజరు వ్రాయు గుమాస్తా నిజముగ నిచ్చినట్లే! తీవ్రతలో దానికి పదికి పది వేసిరి. ఆ నెలలోనే 2.15, 2.16, 2.17 అని వెంటవెంట సవరణలు వచ్చెను. తమ ప్రోగ్రాములో నది కలదనియే యెఱుఁగని యజమాను లనేకులు. వారు తేలేదు, ఏదో లైబ్రరీ వెంట వచ్చినది.

లోపము వ్రాయుభాగమైన "కోర్"లో నుండెను గాని, మాట చెప్పు ద్వారమైన "ఏపీఐ"లో లేదు. ద్వారమును మాత్రమే పట్టుకొనిన లైబ్రరీకర్త అందుకై తన మూలములో నొక యక్షరమైనను మార్చనక్కఱలేకపోయెను. యజమాని చిట్టాను మార్చుకొనిన చాలెను.

చిన్న లైబ్రరీకి భాషతో వచ్చిన పరికరమే చాలునని మా యభిప్రాయము. కొందఱు వేగమును చూచి యెన్నుకొందురు. అది యజమాని చింత. కర్త చూడవలసినది మాట స్థాయి: డీబగ్, ఇన్ఫో, వార్న్, ఎర్రర్ అని. ప్రతి స్వల్పమునకు "ఎర్రర్" అని కేకవేయు లైబ్రరీని ఎవ్వరును సహింపరు. వాడుకరి పాస్‌వర్డును మాత్రము ఏ స్థాయిలోను పలుకరాదు. ఆ చిట్టాను రేపు ఎవరు చదువుదురో కర్తకు తెలియదు.