గేటు వేసినారా? మా భీముడు లేచినాడు!

యూరియా బస్తా బరువెంతో తెలుసా? 45 కిలోలు. మా భీముడు దానికంటే మూడు కిలోలు ఎక్కువ. వడ్లు తూచే కాటా మీద నిలబెట్టి మరీ చూశాం. పక్కా 48.

మాది కడప జిల్లా దువ్వూరు. కడప నుంచి కర్నూలు పోయే హైవేలో మైదుకూరు దాటితే వస్తుంది. కేసీ కాలువ నీళ్లు, వరి, పసుపు... ఇదీ మా ఊరు. ఇంటికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "ఇది కుక్కనా, లేగదూడనా?"

చేటలో పట్టేవాడు

2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు రూమ్ ఖాళీ చేసి, లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశాను. అప్పుడే ప్రొద్దుటూరులో ఉన్న నా ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. వాళ్ల గ్రేట్ డేన్ పిల్లల్ని పెట్టింది. తండ్రి ఎవరంటే... వీధిలో తిరిగే ఊరకుక్క! క్రాస్ పిల్లల్ని కొనేవాళ్లు లేరు. "ఊరికే ఇస్తా, తీసుకుపోరా" అన్నాడు.

నలభై రోజుల పిల్ల. మా జేజి చేటలో పడుకోబెడితే ఇంకా చోటు మిగిలింది. "ఊరకుక్క రక్తం ఉంది కదా, మరీ పెద్దదేం కాదులే" అనుకున్నాం. క్రాస్ పిల్లతో ఉండే తిరకాసే అది. ఎంత పెరుగుతుందో ముందే చెప్పలేం. ఏడాది తిరిగేసరికి ముందు కాళ్లు నా భుజాల మీద పెట్టి ముఖం నాకుతున్నాడు. మాకు అది ముద్దుగానే ఉండేది. అదే మా తప్పు.

రెండు కుట్లు

వాడికి ఏడాదిన్నర ఉన్నప్పుడు, పక్కింటి ఐదేళ్ల పాప మజ్జిగ కోసం వచ్చింది. గేటు గడియ వేయలేదు. తెలిసిన పిల్లే కదా, భీముడు తోక ఊపుకుంటూ ఉరికి మీదికెక్కాడు. పాప మెట్టు మీద పడింది. గడ్డం చీలి రెండు కుట్లు పడ్డాయి.

వాడు కరవలేదు, గీరలేదు కూడా. కానీ సాయంత్రానికి "వాళ్ల కుక్క పిల్లను కరిసిందంట" అని ఊరంతా పాకిపోయింది. పాప వాళ్ల నాయన వచ్చి, "అన్నా, యాడన్నా ఇడిసిపెట్టి రాండి" అన్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. మా నాయన తల దించుకున్నాడు. మరుసటి రోజే కాలువ అవతల వదిలేసి వద్దామని తాడు కూడా తీశాడు.

అప్పుడు జేజి అంది: "నేర్పాల్సింది మనం నేర్పల్యా. ఇడిసిపెడితే రేపు ఇంకోళ్ల పిల్ల మీద పడతాది. అప్పుడు యాడ తల పెట్టుకుంటావు?"

ఆ రోజు నాకు అర్థమైన సంగతి ఒక్కటే. చిన్న కుక్క మీదికెక్కితే నవ్వుకుంటాం. 48 కిలోలది ఎక్కితే ఆస్పత్రికి పోతాం. రెండూ చేసింది ఒకటే పని. పెద్ద కుక్కకు చిన్న తప్పు చేసే వీలు లేదు. ఆ లెక్క దానికి తెలియదు, మనకు తెలియాలి.

మేం ఏం మార్చుకున్నామంటే

మొదట గేటుకు రెండో గడియ వేశాం. బయటికి వెళ్తే తాడు నా చేతిలో ఉండాల్సిందే. మీదికెక్కితే తిట్టడం, తోయడం మానేశాం. వాడికి అదీ ఆటే! ఎక్కగానే అందరం వెనక్కి తిరిగి నిలబడేవాళ్లం. నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే నిమరడం. "కూచో" అని అరచెయ్యి చూపిస్తే కూర్చోవాలి. మూడు నెలలు పట్టింది. వాడికంటే మా నాయనకు నేర్పడమే కష్టమైంది, దొంగచాటుగా ఎక్కించుకునేవాడు!

తిండి రెండు పూటలు: సంగటి, ఉడికించిన చికెన్, గుడ్డు. ఒకేసారి కుండెడు పెట్టం, తిన్న వెంటనే పరిగెత్తనివ్వం. గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అలా అయితే గంటల్లోనే ప్రాణం పోవచ్చు. మిగిలిన కూర అసలు వేయం. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. ద్రాక్ష, చాక్లెట్ కూడా అంతే.

ఇక మా కడప ఎండలు! మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి వదులుకోవాలి. ఒళ్లు పెద్దదైతే చల్లారడం ఇంకా ఆలస్యం. అందుకే వాకింగ్ తెల్లవారుజామున ఐదింటికే. మధ్యాహ్నమంతా తడి గోనెపట్ట, తొట్టిలో నీళ్లు. రోడ్డు మీద మీ చెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే, కుక్క పాదాలు కూడా ఆగలేవు.

డాక్టర్ దగ్గరికి పోవడం మరో యుద్ధం. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉండటం మా అదృష్టం. కానీ అక్కడిదాకా ఎట్లా? బైక్ మీద పట్టడు, ఆటోవాళ్లు చూసి పారిపోతారు. చివరికి పసుపు బస్తాలు వేసే చిన్న ట్రాలీ ఆటోనే వాడి అంబులెన్స్. ఏటా రేబిస్ టీకా మాత్రం తప్పించం.

చట్టం ఏమంటోంది?

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల్ని, వాటి క్రాస్‌లను పెంచనివ్వొద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఊళ్లో వాట్సాప్ గ్రూపులన్నీ భీముడి ఫొటోతో నిండిపోయాయి. ఆ జాబితాలో గ్రేట్ డేన్ లేదు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది కూడా.

అయితే ఊపిరి పీల్చుకోవద్దు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ప్రకారం, పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే యజమానికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అక్కడ జాతి పేరు అడగరు. గడియ వేశావా లేదా అనే అడుగుతారు.

ఇంకెన్నాళ్లు?

కుక్కల్లో ఎంత పెద్దదైతే అంత తక్కువ ఆయుష్షు. గ్రేట్ డేన్‌లు సాధారణంగా ఎనిమిది, పదేళ్లు బతుకుతాయి. ఊరకుక్క రక్తం కాస్త కలిసొస్తుందని మా ఆశ. భీముడికి ఇప్పుడు ఐదేళ్లు. మూతి దగ్గర అప్పుడే తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. నేను మళ్లీ బెంగళూరులోనే ఉంటున్నా, నెలకు రెండుసార్లు బస్సెక్కుతున్నది ఎవరి కోసమో ఇంట్లో అందరికీ తెలుసు.

పోయిన వారం ఊరెళ్లినప్పుడు పక్కింటి పాప వచ్చింది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. గడ్డం కింద సన్నటి గీత ఇంకా ఉంది. రోడ్డు మీద నుంచే "అన్నా, గేటు వేసినారా?" అని అరిచింది. వేసే ఉంది. తనే గడియ తీసి లోపలికొచ్చి, అరచెయ్యి చూపించి "కూచో" అంది.

48 కిలోల భీముడు తోకతో నేలంతా ఊడుస్తూ కూర్చున్నాడు.