రూపచిత్రాల పోటీకి వెళ్లే ముందు

ఒక వ్యక్తి ముఖాన్నీ, దాని వెనకనున్న స్వభావాన్నీ పట్టి చూపే చిత్రాన్ని రూపచిత్రం అంటారు. ఈ కళకు సికింద్రాబాద్‌లో గట్టి పునాది వేసినవాడు 1844లో సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన లాలా దీనదయాళ్. 1880లలో ఇక్కడ స్టూడియో తెరిచిన ఆయన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 'రాజా' బిరుదు పొందాడు. ఆయన చిత్రాలు 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకూ వెళ్లాయి. అంతకంటే చెప్పుకోదగ్గది 1892లో ఆయన హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం తెరిచిన జనానా స్టూడియో. మగవారి నీడ పడని ఆ గదుల్లో ఫొటోలు తీసే బాధ్యతను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడంటే, కెమెరా ముందు కూర్చునేవారి నిబ్బరమే రూపచిత్రానికి ముడిసరుకని ఆయన గ్రహించాడన్నమాట.

నేటి పోటీలు పరీక్షించేదీ ఆ నిబ్బరాన్నే. లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ నిర్వహించే టేలర్ వెస్సింగ్ ఛాయాచిత్రాల పోటీకి పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా, ఏ దేశంనుంచైనా, రుసుము కట్టి చిత్రాలు పంపవచ్చు. న్యాయనిర్ణేతలకు తీసినవారి పేరు తెలియనివ్వరు కనుక నిజాం ఇచ్చిన బిరుదైనా అక్కడ అక్కరకు రాదు.

అయితే ఏది రూపచిత్రం, ఏది కాదు అన్న తగవు తేలికైనది కాదు. ఆస్ట్రేలియాలో గీసిన రూపచిత్రాలకు 1921 నుంచి ఇస్తున్న ఆర్చిబాల్డ్ బహుమతిని 1943కు గాను విలియం డోబెల్ గెలుచుకున్నప్పుడు, తోటి చిత్రకారుడు జాషువా స్మిత్‌ను మరీ సాగదీసినట్టు గీసిన ఆ బొమ్మ వ్యంగ్యచిత్రమే తప్ప రూపచిత్రం కాదంటూ ఓడిన ఇద్దరు కోర్టుకెక్కారు. తీర్పు డోబెల్ పక్షానే వచ్చింది. పోలిక ఒక్కటే కొలమానం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది గాని, వంకర గీతలన్నీ కళ అయిపోతాయనుకోవడం పొరపాటు.

పోటీకి దిగేవారు చిత్రంలోని వ్యక్తి నుంచి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం మంచిది. లండన్ పోటీలో తొలి వడపోత డిజిటల్ ప్రతిమీదే జరిగినా, ఎంపికైనవారు తర్వాత ప్రింటు పంపవలసి ఉంటుంది. తెరమీద తేటగా కనిపించిన నీడలు కాగితంమీద మసిబారిపోవచ్చు కాబట్టి, రుసుము కట్టకముందే పెద్ద ప్రింటు ఒకటి తీయించి పగటి వెలుతురులో చూసుకోవాలి.