పిలుచు అక్షరములు

వీథిలో నడచుచు మనము గోడలపై నంటించిన ప్రకటనలను నిత్యము చూచుచుందుము. నాటకమో, సర్కసో, సభయో, ఏదియైనను సరే, మనము నిలిచి చదువుటకు ముందే అందలి పెద్ద అక్షరములు మనలను పిలుచును. తేదీ, వేళ, స్థలము మాత్రము అడుగున చిన్న అక్షరములతో నుండును. వానిని చదువవలెనన్న దగ్గరకు పోవలెను. పెద్దవి పిలుచు అక్షరములు; చిన్నవి మాటలాడు అక్షరములు. పనులు వేరు కనుక వాని రూపములును వేరు. చిన్న అక్షరమును ఊరక పెంచినంతమాత్రమున అది మంచి శీర్షికాక్షరము కాజాలదు.

పుస్తకములోని అక్షరము తాను మరుగున నుండి విషయమును ముందునకు తెచ్చును. శీర్షికాక్షరము మొదట తన్ను తాను చూపుకొనును. దూరమునుండి చూచునపుడు సన్నని గీతలు కంటికానవు. లావు గీతలు నిలుచును. అందుచేతనే ఈ అక్షరముల గీతలు లావుగాను, ఒంపులు విలాసముగాను ఉండును.

19వ శతాబ్దారంభమున లండను నగరమునందు వ్యాపార ప్రకటనలు పెరుగగా, అక్షరములు పోతపోయువారు మిక్కిలి లావైన అక్షరములను తయారుచేయసాగిరి. కాని అడుగెత్తు అక్షరములను లోహముతో పోయుట కష్టము. అవి బరువు, వెలయు నెక్కువ. లోహము చల్లారునపుడు పైభాగము ఎగుడుదిగుడై అచ్చు సరిగా పడదు. న్యూయార్కు నగరవాసియగు డేరియస్ వెల్స్ అను ముద్రాపకుడు యంత్రసాహాయ్యమున పెద్ద అక్షరములను కొయ్యతో చెక్కు ఉపాయమును కనుగొని, 1828లో వాని నమూనా పుస్తకమును వెలువరించెను. కొయ్య తేలిక, చవుక. అటుపిమ్మట గోడప్రకటనలకు కొయ్య అక్షరములు విరివిగా వాడబడెను.

లావైన అక్షరము గద్దించినట్లుండును. దానికి నవ్వు నేర్పినవారిలో ఆస్వాల్డ్ కూపర్ ముఖ్యుడు. ఈయన అమెరికాలోని చికాగో నగరమున ప్రకటనలకు అక్షరములు వ్రాయు చిత్రకారుడు. ఈయన రూపొందించిన 'కూపర్ బ్లాక్' అను అక్షరశైలి 1922లో వెలువడెను. అందు గీతలు మిక్కిలి దళసరి. కాని కొనలన్నియు గుండ్రము. ఎక్కడను వాడియైన మూల కానరాదు. మెత్తని పిండిని వ్రేళ్లతో ఒత్తి చేసినట్లుండును. సంప్రదాయప్రియులగు కొందరు ముద్రాపకులు దీనిని మొరటని నిందించిరి. వ్యాపారులు మాత్రము ఆదరించిరి. బీచ్ బాయ్స్ అను గాయకబృందము 1966లో వెలువరించిన 'పెట్ సౌండ్స్' అను రికార్డు అట్టపైని అక్షరములు ఇవియే.

తెలుగు అక్షరములను ఇట్లు లావుచేయుట మరింత కష్టము. మన లిపి గుండ్రనిది. పైన తలకట్టులు, గుడులు, క్రింద ఒత్తులు, నడుమ చిన్న చిన్న ఖాళీలు. గీత లావెక్కినకొలది లోపలి ఖాళీ తరుగును. 'ప'కును 'ఫ'కును భేదము అడుగున నున్న చిన్న గీత. అది లావైన యొంపులో కలిసిపోయినచో 'ఫలము' 'పలము' అగును. తినవలసిన పండు తూనికరాయిగా మారును! 'థ' కడుపులోని చుక్క పూడిపోయినచో అది 'ధ' యగును; 'కథ' తన రూపమునే కోల్పోవును. కావున నేర్పరియగు చిత్రకారుడు అక్షరమును అంతటను సమముగా లావుచేయడు. వెలుపలి యొంపును బలిపించి, లోపలి గుర్తులకు చోటు మిగుల్చును. అవసరమైనచోట గీతను సన్నము చేయును. పై వరుస ఒత్తులు క్రింది వరుస గుడులకు తగులకుండ వరుసల నడుమ ఎడమును విడుచును.

కుంచెతో వ్రాయుట నేటికిని ఉన్నను, ఇప్పుడు శీర్షికలు ఎక్కువగా కంప్యూటరుపైననే కూర్పబడుచున్నవి. 2013 ప్రాంతమున రూపొందిన 'రవిప్రకాశ్', 'రామరాజ' అను తెలుగు అక్షరశైలులు శీర్షికలకును గోడప్రకటనలకును తగినవి. సిలికానాంధ్ర సంస్థ వీనిని అందరును ఉచితముగా వాడుకొనునట్లు వెలువరించినది. అయితే వీనితో పుట నిండ వ్యాసమును కూర్చినచో చదువరి కన్నులు త్వరలోనే అలసిపోవును. పెండ్లిపందిటి బాజా చెవికింపే. దానిని పడకగదిలో వాయింపరాదు గదా!

మీ పాఠశాల వార్షికోత్సవమునకు ప్రకటనను మీరే వ్రాయవలసివచ్చినదనుకొనుడు. శీర్షికను మీ యిష్టము వచ్చినట్లు లావుగా, వంకరగా, నవ్వుచున్నట్లు వ్రాయుడు. పిదప దానిని గోడకు తగిలించి, ఇరువది అడుగులు వెనుకకు నడచి, సంగతి నెరుగని తమ్మునిచేత చదివింపుడు. వాడు తడుముకొనకుండ చదివెనా, మీ అక్షరము నెగ్గినది. తడబడెనా, ఏ అక్షరమువద్ద ఆగెనో అడిగి, దానిలో పూడిన ఖాళీని మరల తెరువుడు. అక్షరము ఎంత ఆడుకొన్నను తప్పులేదు. అది ఏ అక్షరమో చూచువానికి తెలియవలెను. కేక ఎంత గట్టిగా వేసినను, మాట తెలియనిచో వచ్చువారెవరు?